సిమెంటు గిత్తకు మేత ఖర్చు లేదు

ఒంగోలు పశువుల జాతి తగ్గిపోతోందని కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. మా ప్రకాశం జిల్లాకొచ్చి కళ్లారా చూడమనండి. కూడలిలో ఉంది, పెళ్లిపత్రిక మీద ఉంది, సంక్రాంతి ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారి పక్కనే ఉంది. 2002లో హైదరాబాదు జాతీయ క్రీడలకు ‘వీర’ అన్న పేరుతో చిహ్నంగానూ నిలబడింది. కొట్టంలో కనబడదంటారా? ఊళ్లో కొట్టాలే లేకపోతే అదేం చేస్తుంది!

సిమెంటు గిత్తతో సుఖం ఇంతా అంతా కాదు. చొప్ప అడగదు, పేడ వెయ్యదు. ఏ ఎన్నికల ముందో ఓ చెయ్యి తెల్లరంగు పూస్తే చాలు, మూపురంతో సహా నిగనిగలాడుతుంది.

ఈ తెలివి బ్రెజిల్ వాళ్లకు అబ్బలేదు. 1878లో లెమ్‌గ్రుబర్ అనే ఆసామి హాంబర్గ్ జంతుశాల నుంచి ఓ ఒంగోలు జంటను కొనుక్కుపోయాడు. మనం అరక కట్టే జీవాన్ని జర్మన్లు జూలో పెట్టి చూశారన్నమాట! నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అన్నారు. 1960ల మొదట్లో మళ్లీ వచ్చి, ఒంగోలు పక్కనున్న కరవది గిత్తను పట్టుకుపోయారు. అక్కడి పశువుల వంశావళిలో ‘కర్వాది’ అంటే ఇప్పుడు గోత్రం లెక్క. ఎండకు ఓర్చుకుంటుంది, పిడుదులను ఖాతరు చెయ్యదు, ఎండుగడ్డి తిని కూడా కండ పడుతుంది. ఇవన్నీ మనకు తెలియని సంగతులా? మనం ఉపన్యాసంలో చెప్పుకున్నాం, వాళ్లు కాటా మీద తూచుకున్నారు. బ్రెజిల్ మాంసపు పశువుల్లో నూటికి ఎనభై దాకా ఇప్పుడు ఈ రక్తమే.

2023లో అక్కడ వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు ఖరీదు 43 లక్షల డాలర్లు దాటింది. బరువు 1,101 కిలోలు. ఈ వార్త చదివి వినిపిస్తే మా బాబాయి ఒక్కటే అడిగాడు: “మూడో వంతంటే ఎటువైపుదిరా? పొదుగు ఎవరికొచ్చింది?”

చెప్పుకోడానికి ఇబ్బందిగానే ఉంది గానీ, కోసుకు తినేవాళ్ల దగ్గర ఇది కోట్లకు పెరిగింది, దండం పెట్టేవాళ్ల దగ్గర దండం పెట్టించుకోడానికి కూడా వెతకాల్సొస్తోంది. అలాగని భక్తి తగ్గించుకోమని నేననను, నాకూ ఊళ్లో తిరగాలనుంది. 1977 నుంచి గోవధ నిషేధ చట్టం మనకుంది. చట్టం కత్తిని ఆపమంది, ట్రాక్టరు ఊసెత్తలేదు. దుక్కి ట్రాక్టరుకు పోయింది. ఆవు చూడబోతే ఈతకు, అంటే ఒక్కో కాన్పుకు, సాధారణంగా వెయ్యి లీటర్లయినా ఇవ్వదు. పక్కింటి సంకరజాతి ఆవు పాలకేంద్రం బిల్లు తెస్తుంటే, మనది హారతి పళ్లెం కోసం ఎదురు చూస్తుంటుంది. ఇక గిత్తకు మిగిలిన ఉద్యోగం బండలాగుడు. గిత్త వయసును బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. ఉలవలు, పత్తిగింజలు, ఎండు ఖర్జూరాలతో మేపు. ఆ మేపు కలవాళ్లకే చెల్లుతుంది. గుంటూరు దగ్గర లాం ఫారంలో, మా జిల్లా చదలవాడ పశుక్షేత్రంలో ఈ జాతిని నిలబెట్టే పని జరుగుతూనే ఉంది. అటు పోయి చూసే తీరిక మనకెక్కడిది, బ్రెజిల్ ఆవు వీడియో పదిమందికి పంపాలి కదా!

కాబట్టి నాదొక ప్రతిపాదన. అమెరికా నుంచి వచ్చిన మనవాళ్లకు సన్మానం చేస్తాం గదా, అలాగే వియాటినానూ పిలిపించి, మూపురం మీదుగా శాలువా కప్పి, ‘తెలుగుజాతి ముద్దుబిడ్డ’ బిరుదివ్వాలి. కమిటీ కూడా వేసేశాను. అధ్యక్షుడిగా ఉండమని బాబాయినడిగాను. చిన్నప్పుడు ఒంగోలు ఆవు పాలు తాగినవాడు మా ఇంట్లో ఆయనొక్కడే. రుచెలా ఉండేదంటే ప్యాకెట్ పాల టీ ఊదుకుంటూ, “గుర్తులేదురా” అన్నాడు.

అధ్యక్ష పదవికి ఒప్పుకున్నాడు గానీ, ఒక చిక్కు తెచ్చిపెట్టాడు.

“ఆవిడొస్తే రాత్రికి కట్టేసేదెక్కడరా? కొట్టంలో ట్రాక్టరుంది.”