కమలాపండు నాది

న్యూజెర్సీలో మా పక్కింటివాళ్లు యూదులు. వాళ్లబ్బాయికి పదహారేళ్లు. నేనెదురైతే ‘హాయ్’ని నోట్లోనే మింగేసి చెత్తడబ్బా చాటుకి వెళ్లిపోయే రకం.

కిందటేడు పస్కా పండగకి మమ్మల్ని భోజనానికి పిలిచారు. పులిసిన పిండి పనికిరాదని తెలుసుకుని, తెలివిగా పులిహోర పట్టుకెళ్లాం. తీరా చూస్తే వాళ్ల నానమ్మ ఆచారంలో ఆ ఎనిమిది రోజులూ బియ్యం, పప్పులు కూడా కూడవట. 2015లో వాళ్ల మతగురువులు, అదే రబ్బీలు, కొందరు తినొచ్చన్నారని కోడలు గొణిగింది. నానమ్మ దగ్గర 2015 చెల్లలేదు. పులిహోర గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

భోజనం అన్నారు గానీ, ముందు పుస్తకం చదవాలి. ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడ్డ కథ. మధ్యలో, కూర్చున్నవాళ్లలో చిన్నవాడు నాలుగు ప్రశ్నలు పాడాలి. మనవాడు పాడాడనే అనుకుంటున్నా, పెదవులైతే కదిలాయి. తొమ్మిదైనా వాళ్లింకా ఎర్రసముద్రం దాటలేదు. నా కడుపులో ఎలుకలు మాత్రం అటూ ఇటూ నాలుగుసార్లు దాటేశాయి. ఎదురుగా పళ్లెంలో గుడ్డు, కాల్చిన ఎముక, కళ్లల్లో నీళ్లు తెప్పించే దుంప తురుము. వాటి మధ్య బంగారంలా ఒక కమలాపండు. పళ్లెంలో ఉన్నది తినడానికే కదా! ఒలిచేశాను.

“అంకుల్! అది నాది!”

వాడికంత గొంతుందని వాళ్లింట్లోనే ఎవరికీ తెలీదు. తొన నా నోట్లో ఉంది. మింగలేను, ఉమ్మలేను. వాడు లేచి నిలబడ్డాడు. అది 1980ల్లో సుజానా హెషెల్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఆనవాయితీ అట. స్వలింగ ప్రేమికులకీ ఈ బల్ల దగ్గర చోటుందని పళ్లెంలో ఆ పండు పెడతారు. తలో తొనా తిని, గింజలు ఉమ్మేయాలి. వాళ్లమీద లోకానికున్న ద్వేషమే ఆ గింజలు.

“ఎందుకు పెట్టానంటే,” అని ఒక్క క్షణం ఆగి, ఈసారి మింగకుండా చెప్పాడు. “నేను గే.”

నేను నోరు తెరిచాను కాబోలు, గింజ టప్పుమని ప్లేటులో పడింది.

నానమ్మ ఆ గింజని చూసింది. మనవడిని చూసింది.

“ఆయన సరిగ్గానే చేశాడుగా. ముందే చెప్తే సంచీడు తెచ్చేదాన్ని కదరా! ఏదీ, నా తొన?”

ఈ ఏడాదీ పిలుపొచ్చింది. వాడే బెల్లు కొట్టి, వంటింట్లో ఉన్న మా ఆవిడకి కూడా వినపడేలా చెప్పాడు.

“అంకుల్, ఈసారి తినేసి రండి.”