నది లేని రాజధాని

నాగరికతలన్నీ నదుల ఒడ్డునే పెరిగాయని ఒక వ్యాసంలో రాశారు. మరి కాకతీయుల రాజధాని ఓరుగల్లు (ఇప్పటి వరంగల్) సంగతేంటి? అటు గోదావరి, ఇటు కృష్ణ, రెండూ దూరమే. పైగా మన నేల ఎత్తులో, నదులు పల్లంలో. కింద గ్రానైటు రాయి, పైన నాలుగు నెలల వాన. అందుకే కాకతీయులు రెండు గుట్టల మధ్య కట్ట పోసి వాననే పట్టుకున్నారు. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుడి కాలానివే.

అసలు తెలివంతా చెరువుల గొలుసుకట్టులో ఉంది. పై చెరువు నిండితే నీళ్లు మత్తడి (మిగులు నీళ్లు పొర్లి పోయే గట్టు) దుంకి కింది చెరువులోకి, అది నిండితే ఆ కిందిదానికి. మా ఊళ్లో మత్తడి పారిన రోజు పిల్లలం బడి మానేసి చేపల కోసం పరిగెత్తేవాళ్లం (దెబ్బలూ తిన్నాం). ఏ పొలానికి ఎంతసేపు తూము తీయాలో నీరటి (నీళ్లు పంచే మనిషి) చెప్పేవాడు, పటేల్ అయినా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

2015లో చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో లెక్కతేలిన చెరువులు, కుంటలు 46 వేలకు పైనే. అంటే ఇక్కడి ఊళ్లు నది చూసి కాదు, చెరువు చూసి వెలిశాయి. ఆ వ్యాసంలో ఈజిప్టుకు రెండు పేరాలు ఇచ్చారు, దీనికి ఒక్క వాక్యమైనా ఇవ్వాల్సింది.