లేబర్ రూమ్‌లో సిస్టరమ్మ మాటే మందు

తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఈ లెక్క చెప్పిన దగ్గర్నుంచీ ప్రైవేటు ఆసుపత్రుల కక్కుర్తినీ, ముహూర్తాల పిచ్చినీ తిడుతూనే ఉన్నాం. రెండూ నిజమే. కానీ అదే సర్వేలో ప్రభుత్వాసుపత్రుల లెక్క 44.5 శాతం. అక్కడ బిల్లు కోసం ఎవరూ కొయ్యరు కదా?

నా అనుమానమంతా నొప్పులు పడే ఆ పది పన్నెండు గంటల మీదే. డాక్టరు చూసి వెళ్తారు, పక్కనుండేది నర్సు. కాన్పంటే గండం, త్వరగా గట్టెక్కాలి అనుకునే నర్సు మంచం దిగనివ్వదు, పొట్ట మీద ఒత్తుతుంది. ఒళ్లు తన పని తాను చేసుకుంటుందని నమ్మే నర్సు నడిపిస్తుంది, నడుం రుద్దుతుంది. పొట్ట ఒత్తొద్దని, గర్భసంచి మూతి గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క పట్టుకుని తొందరపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. గోడ మీద అతికించే కాగితాలకేం, బోలెడు.

మా చెల్లి పురిటికి ఓ ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నాను. "అరవకు! అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" అన్న గొంతు తలుపు దాటి వచ్చింది. అమ్మ తల దించుకుంది. పక్కనున్న ముసలామె నవ్వింది. తెల్లారి డ్యూటీ మారింది. కొత్త సిస్టర్ చెల్లిని పేరు పెట్టి పిలిచి, లేపి, కిటికీ దాకా నాలుగుసార్లు తిప్పింది. ఆపరేషన్‌కని సంతకం పెట్టించుకున్న కాగితం బల్ల మీదుండగానే ఎనిమిదిన్నరకు పాప పుట్టింది. ఒక్క కాన్పుతో ఏదీ రుజువు కాదు, తెలుసు.

ఒక్క సిస్టర్‌కు అన్ని మంచాలు అప్పగిస్తే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుందంటారు. న్యాయమే. అయితే అలసటతో విసుక్కుంటారు. ఆ వెటకారం మాత్రం అలసటలోంచి పుట్టదు. అది మన ఇళ్లలోంచి డ్యూటీకి వెళ్లింది.

2017లో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే పని) శిక్షణ మొదలైంది. మంచి పనే. కానీ నేర్చుకున్నాక నిర్ణయం ఆమె చేతిలో పెడుతున్నామా? మనకసలు చేతులతో పనిచేసేవాళ్లంటేనే చిన్నచూపు. మంత్రసానిని మొరటుదన్నాం, పంపేశాం. చదువుకున్న నర్సును తెచ్చి సూది వేసే చెయ్యిగా మిగిల్చాం. జీతం పెంచమంటే బడ్జెట్ లేదంటాం, కొత్త భవనానికి మాత్రం రిబ్బన్ కట్ చేస్తాం.

మా చెల్లి డిశ్చార్జి కాగితం మీద, కాన్పు చేసినవారు అన్న చోట, ఆ పొద్దున డ్యూటీలోనే లేని డాక్టరు పేరుంది.