ఎలుకల్లో హెపటైటిస్ బి పోయిందంటే మన మాత్రలు ఆపేయమని కాదు

‘కొత్త మందుతో ఎలుకల్లో హెపటైటిస్ బి పూర్తిగా నయమైంది, రక్తంలో వైరస్ డీఎన్‌ఏ కనిపించలేదు, జంతువుల్లో సురక్షితం, ఇక ఈ జబ్బుకు వాడే ఎంటెకావిర్, టెనోఫోవిర్ మాత్రలు ఏళ్ల తరబడి మింగక్కర్లేదు’ అన్న సందేశం బాగా తిరుగుతోంది. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

‘ఎలుకల్లో నయమైంది.’ మామూలు ఎలుకకు ఈ వైరస్ సోకనే సోకదు. వైరస్ కాలేయ కణంలోకి దూరడానికి ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్ కావాలని 2012లో తేలింది. ఎలుక ఎన్‌టీసీపీ ఆ పనికి రాదు. అందుకని వైరస్ జన్యువును దొడ్డిదారిన ఎక్కిస్తారు. ఒక పద్ధతిలో 20 గ్రాముల ఎలుక తోక సిరలోకి ప్లాస్మిడ్ (వైరస్ జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) కలిపిన ద్రవం సుమారు 2 మిల్లీలీటర్లు, అంటే దాని బరువులో పదో వంతు, 5–8 సెకన్లలో పంపుతారు. రోగనిరోధక శక్తి బాగున్న ఎలుకలు చాలావరకు కొన్ని వారాల్లో దాన్ని తామే వదిలించుకుంటాయి. మందు ఇవ్వని ఎలుకల ఫలితంతో పోల్చి చూపకపోతే, వైరస్‌ను పోగొట్టింది మందా, ఎలుక సొంత రోగనిరోధక శక్తా అన్నది తేలదు. ట్రాన్స్‌జెనిక్ (జన్యువులు మార్చి పుట్టించిన) ఎలుకల్లోనైతే వైరస్ జన్యువు క్రోమోజోముల్లోనే ఉంటుంది. అక్కడ వైరస్ ఉత్పత్తి తగ్గిందని చెప్పగలం, నయమైందని చెప్పలేం.

‘రక్తంలో డీఎన్‌ఏ కనిపించలేదు కాబట్టి వైరస్ పోయింది.’ అసలు గందరగోళమంతా ఇక్కడే. ఎంటెకావిర్ లాంటివి వైరస్ తన డీఎన్‌ఏ తయారీకి వాడే పాలిమరేజ్ అనే ఎంజైమును ఆపి కొత్త డీఎన్‌ఏ తయారు కాకుండా చూస్తాయి. కణకేంద్రకంలో తిష్ఠ వేసిన సీసీసీడీఎన్‌ఏను, అంటే వైరస్‌కు మూల అచ్చులా పనిచేసే గుండ్రటి డీఎన్‌ఏను, అవి నేరుగా తాకవు. సర్ఫేస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రోటీన్) అక్కణ్ణుంచి తయారవుతూనే ఉంటుంది. తన సొంత హెపటైటిస్ వైరస్ సహజంగా సోకే వుడ్‌చక్‌లో (ఉత్తర అమెరికాలో ఉండే ఎలుకజాతి జంతువు) ఏడాదికి పైగా ఎంటెకావిర్ ఇస్తే సీసీసీడీఎన్‌ఏ బాగా తగ్గింది, కాలేయ క్యాన్సర్ ఆలస్యమైంది. మందు ఆపాక వైరస్ మళ్లీ లేచింది కూడా. కాబట్టి ఏ ఫలితంలోనైనా మందు ఆపాక ఎన్ని వారాలు గమనించారో ముందు వెతకాలి. సీసీసీడీఎన్‌ఏను కొలిచామంటే, టీ5 ఎక్సోన్యూక్లియేజ్ లాంటి ఎంజైముతో మిగతా వైరల్ డీఎన్‌ఏను ముందే తొలగించారా చూడాలి. లేకపోతే పీసీఆర్ రెంటినీ కలిపి లెక్కేస్తుంది.

‘జంతువుల్లో సురక్షితం.’ హెపటైటిస్ బికే ప్రయోగించిన ఫియాలురిడిన్ అనే మందునూ అలాగే అనుకున్నారు. 1993లో 15 మందికి ఇస్తే ఏడుగురికి కాలేయం విఫలమైంది. ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మైటోకాండ్రియాను దెబ్బతీసే ఆ విషప్రభావం ఎలుకల్లో, కుక్కల్లో, కోతుల్లో ముందు జరిపిన పరీక్షలకు చిక్కలేదు. తర్వాత వుడ్‌చక్‌లకు రోజూ ఇచ్చి చూస్తే, కొన్ని వారాలు గడిచాకే బయటపడింది.

‘మాత్రలు ఆపొచ్చు.’ ఉన్నట్టుండి ఆపితే వైరస్ తిరగబెట్టి కాలేయం తీవ్రంగా వాయవచ్చు. సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోవడం) ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. ఆపే నిర్ణయం చికిత్స చేస్తున్న వైద్యులదే. వాళ్లు ఆపమన్నాక కూడా ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), వైరల్ డీఎన్‌ఏ పరీక్షలు నెలల తరబడి చేయించుకుంటూ ఉండాలి.