ఏడాది రాబడి చూసి ఫండ్లు మార్చే అలవాటు గురించి

ఏటా జనవరిలోనూ, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఏప్రిల్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా జాబితా తిరుగుతుంది: గత ఏడాదిలో అత్యధిక రాబడి ఇచ్చిన పది మ్యూచువల్ ఫండ్లు. దాన్ని చూసి చేతిలో ఉన్న ఫండ్‌ను అమ్మేసి, జాబితాలో మొదటి వరుసలో ఉన్నదాన్ని కొనేవారు నా బంధువుల్లోనూ సహోద్యోగుల్లోనూ చాలామందే ఉన్నారు. అందరూ లెక్కలు బాగా వచ్చినవారే. ఆ జాబితాలో అంకెలు సరిగానే ఉంటాయని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ అంకెను బట్టి ఫండ్ మంచిదో చెడ్డదో తేల్చవచ్చన్న నమ్మకం మాత్రం నాకు మింగుడుపడదు.

ఒక్క ఉదాహరణ చాలు. 2019 మార్చి చివరి ట్రేడింగ్ రోజున దేశంలోని యాభై పెద్ద కంపెనీల షేర్ల ధరలను బట్టి కదిలే నిఫ్టీ 50 సూచీ సుమారు 11,624 వద్ద ముగిసింది. 2020 మార్చి 31న అది 8,598. 2021 మార్చి 31న 14,691. మొదటి ఏడాది రాబడి లెక్కిస్తే దాదాపు 26 శాతం నష్టం, రెండో ఏడాది లెక్కిస్తే దాదాపు 71 శాతం లాభం. రెండేళ్లూ కలిపి చూస్తే ఏడాదికి పన్నెండు శాతం పైచిలుకు వృద్ధి, అంటే ఈక్విటీ (కంపెనీల షేర్లు) నుంచి ఓ మోస్తరు మదుపరి ఆశించేదే. సూచీ అదే, అందులోని కంపెనీలూ దాదాపు అవే. కొలత మొదలుపెట్టిన తేదీ ఒక్కటే మారింది. 2021 ఏప్రిల్‌లో తిరిగిన జాబితాల్లో డెబ్బై శాతానికి పైబడిన రాబడులు కనిపించడానికి కారణం ఫండ్ మేనేజర్ల ప్రతిభ కంటే 2020 మార్చి నాటి పతనమే. తక్కువ స్థాయి నుంచి కొలిస్తే ఏదైనా ఎత్తుగానే కనిపిస్తుంది.

అందుకే రెండు ఫండ్లను పోల్చాలనుకునేవారు రోలింగ్ రిటర్న్స్ చూడాలని నా అభిప్రాయం. గత పదేళ్లలో వరుసగా ప్రతి రోజునూ ప్రారంభ దినంగా తీసుకుని, అక్కడి నుంచి మూడేళ్లకో అయిదేళ్లకో వచ్చిన రాబడిని లెక్కగట్టి, ఆ వెయ్యికి మించిన అంకెల్లో సగటు ఎంత, అతి తక్కువ ఎంత, సూచీ కంటే వెనకబడిన సందర్భాలు ఎన్ని అని చూడటమే ఈ పద్ధతి. ఈ లెక్క ఇచ్చే వెబ్‌సైట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇందులో సగటు కంటే అతి తక్కువ రాబడినే నేను ముందు చూస్తాను, ఎందుకంటే మదుపరి భయపడి బయటకు వెళ్లిపోయేది సగటు కాలంలో కాదు.

దేనితో పోలుస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017 అక్టోబరులో ఫండ్ల వర్గీకరణను కట్టుదిట్టం చేసింది. మార్కెట్ విలువలో మొదటి వంద కంపెనీలు లార్జ్‌క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్‌క్యాప్, 251 నుంచి ఆపైవి స్మాల్‌క్యాప్. లార్జ్‌క్యాప్ ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతాన్ని ఆ మొదటి వందలోనే పెట్టాలి. ఈ నిబంధన తరువాత కూడా స్మాల్‌క్యాప్ ఫండ్ రాబడిని లార్జ్‌క్యాప్ ఫండ్ రాబడి పక్కన పెట్టి ‘మీ ఫండ్ వెనకబడింది’ అని చెప్పే సలహాదారులు ఉన్నారంటే, వారి ఆసక్తి మీ సొమ్ము మీద కాక లావాదేవీ మీద ఉందని అనుమానించడంలో తప్పు లేదు. ఆ తరువాత 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్లు తమ పనితీరును డివిడెండ్లు కూడా కలిపిన సూచీతో, అంటే టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తో పోల్చి చూపాలన్న నిబంధన వచ్చింది. అంతకుముందు కంపెనీలిచ్చిన డివిడెండ్లు ఫండ్ ఖాతాలో చేరేవి గాని, పోల్చే సూచీలో చేరేవి కావు. ఏడాదికి ఒక శాతానికి పైగా ఉండే ఆ తేడాను ఫండ్ గొప్పతనంగా చూపించుకునే వెసులుబాటు సంస్థలకు ఏళ్ల తరబడి ఉండేది. కొలబద్ద సరిచేశాక లార్జ్‌క్యాప్ ఫండ్లలో అత్యధికం సూచీని దాటలేకపోతున్నాయని ఎస్ అండ్ పీ సంస్థ ఫండ్లను సూచీలతో పోల్చి వెలువరించే స్పివా నివేదికలు పదేపదే చూపుతున్నాయి. ఆ వర్గంలో సూచీలోని షేర్లనే అదే నిష్పత్తిలో కొంటూ తక్కువ ఖర్చుతో దొరికే ఇండెక్స్ ఫండ్‌ను కాదని మరొకటి కొనాలంటే గట్టి కారణమే ఉండాలి.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2013 జనవరి 1 నుంచి ప్రతి పథకానికీ డైరెక్ట్ ప్లాన్ అందుబాటులో ఉంది. పోర్ట్‌ఫోలియో అదే, మేనేజరూ అతనే, ఫండ్ అమ్మిపెట్టే పంపిణీదారు కమీషన్ మాత్రం ఉండదు. ఆ తేడా ఏడాదికి ఒక శాతం అనుకుంటే, పది లక్షల రూపాయలు ఇరవై ఏళ్లలో 12 శాతం చొప్పున 96 లక్షలు దాటుతాయి, 11 శాతం చొప్పున 80 లక్షల 60 వేల దగ్గర ఆగుతాయి. ఏ ఫండ్ ముందుందో తేల్చడానికి వారాల తరబడి చర్చించేవారు ఈ పదహారు లక్షల గురించి ఒక పూట కూడా ఆలోచించరు. పంపిణీదారు నిజంగా సేవ చేస్తుంటే ఆ సొమ్ము ఇవ్వడం న్యాయమే. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం వెళ్లిన పెద్దవారి చేత సంతకం పెట్టించుకుని, తరువాత ఫోను కూడా ఎత్తని వారికి ఇరవై ఏళ్లపాటు చెల్లించడం మాత్రం న్యాయం కాదు.

ఇంత పోల్చి, ఇంత వెతికి ఎంచుకున్న ఫండ్ కూడా చివరికి ఇంటి ఆస్తిలో ఎంత భాగం? సగటు తెలుగు మధ్యతరగతి కుటుంబాన్ని తీసుకుంటే, ఉండే ఇల్లు కాక ఊరి బయట ఒక ప్లాటు, పెళ్లినాటి నుంచి పోగైన బంగారం, ఈపీఎఫ్, ఒకటి రెండు ఎల్‌ఐసీ పాలసీలు, నడుస్తున్న ఒక చిట్టీ ఉంటాయి. వీటి పక్కన మ్యూచువల్ ఫండ్లు చిన్న మొత్తమే. ఆ చిన్న మొత్తాన్నీ ఆరేడు ఫండ్లలో పంచి, అన్నింటిలోనూ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్ షేర్లే పెద్ద వాటాలుగా ఉన్నా, దాన్ని వైవిధ్యం అనుకుంటాము. పోర్ట్‌ఫోలియో అంటే యాప్‌లో కనిపించే ఫండ్లు మాత్రమేనన్న భావన పోనంత కాలం ఈక్విటీకీ వడ్డీ తెచ్చే మదుపులకూ మధ్య సమతూకం గురించి మాట్లాడటం వృథా. ఈపీఎఫ్‌లో పన్నెండు లక్షలున్న ఉద్యోగి విడిగా డెట్ ఫండ్ (షేర్లలో కాక, వడ్డీ ఇచ్చే బాండ్లలో పెట్టే ఫండ్) కొనాలా అని అడిగితే, మీ డెట్ వాటా ఇప్పటికే నిండింది కదా అన్నదే నా జవాబు. అద్దె రాని ప్లాటును, అవసరానికి మూడు నెలల్లో అమ్మలేని ఆస్తిని, ఏ వాటాలో వేసుకుంటారో మీరే తేల్చుకోవాలి. నేనైతే లెక్కలోంచి తీసేస్తాను.

సమతూకం ఎందుకు తప్పుతుందో, దాన్ని సరిచేయడం ఎందుకు కష్టమో కూడా నిఫ్టీ అంకెలతోనే చూడవచ్చు. 2020 జనవరి 14న నిఫ్టీ 12,362 వద్ద ఉన్నప్పుడు ఒకరు పది లక్షల్లో ఆరు లక్షలు ఇండెక్స్ ఫండ్‌లో, నాలుగు లక్షలు డిపాజిట్లలో పెట్టారనుకుందాం. మార్చి 23న సూచీ 7,610కి పడేసరికి ఆ ఆరు లక్షలు సుమారు 3 లక్షల 69 వేలయ్యాయి, ఈక్విటీ వాటా 48 శాతానికి తగ్గింది. మళ్లీ 60 శాతానికి తేవాలంటే ఆ రోజున దాదాపు 92 వేల రూపాయలు డిపాజిట్ల నుంచి తీసి మార్కెట్లో పెట్టాలి. లాక్‌డౌన్ మొదలవుతూ ఉద్యోగాలు ఉంటాయో పోతాయో తెలియని వారంలో ఆ పని చేయగలిగినవారు ఎంతమంది? అదే 60:40 వాటాలతో ఆ మార్చి 23న మొదలుపెట్టి మరేమీ చేయకుండా కూర్చున్నవారి సంగతి ఇందుకు తిరగబడింది. 2021 అక్టోబరు 18న సూచీ 18,477కి చేరేసరికి వారి ఈక్విటీ వాటా 75 శాతం దాటిపోయింది. అప్పుడు అమ్మి తగ్గించమంటే ఒప్పుకునేవారు అంతకన్నా అరుదు. 2022 జూన్ నాటికి సూచీ 15,293కి దిగి, తాము అనుకున్నదానికంటే ఎక్కువ సొమ్ము మార్కెట్లో ఉందని వారికి తెలిసివచ్చింది. పతనాల్లో ధైర్యం, ఉధృతిలో నిగ్రహం మనసు మీద వదిలేస్తే కుదరవు కాబట్టే, వాటా అనుకున్నదానికి అయిదు శాతం అటో ఇటో దాటినప్పుడే కదలాలని ముందే కాగితం మీద రాసుకోవాలంటాను.

పన్నుల అభ్యంతరం వెంటనే వస్తుందని తెలుసు. 2024 జులై 23 నుంచి ఈక్విటీ ఫండ్లపై ఏడాది దాటిన లాభానికి 12.5 శాతం, లోపు అమ్మితే 20 శాతం పన్ను ఉంది. దీర్ఘకాలిక లాభంలో ఏటా 1.25 లక్షల వరకు మినహాయింపు. 2023 ఏప్రిల్ 1 తరువాత కొన్న డెట్ ఫండ్ల లాభానికి శ్లాబు ప్రకారమే పన్ను. అందువల్ల అమ్మకుండానే సరిచేసే మార్గం ముందు వెతకాలి. ఈక్విటీ పెరిగిపోతే రాబోయే కొన్ని నెలలు కట్టే వాయిదా మదుపు, అంటే సిప్‌ను డెట్ వైపు మళ్లించడం, తగ్గిపోతే బోనస్ సొమ్మును ఈక్విటీలో వేయడం అన్నింటికంటే తేలిక. తప్పక అమ్మాల్సివస్తే కొంత మార్చి ఆఖరులో, మిగిలింది ఏప్రిల్ మొదట్లో అమ్మి రెండు సంవత్సరాల మినహాయింపునూ వాడుకోవచ్చు. ఈ శ్రమ వద్దనుకునేవారికి ఈక్విటీ, డెట్ వాటాలను తామే మార్చుకునే బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్లు ఉన్నాయి. వాటాల సర్దుబాటు ఫండ్ లోపలే జరుగుతుంది కాబట్టి ప్రతిసారీ మదుపరిపై పన్ను పడదు, అయితే ఏ ఫండ్ ఏ సూత్రంతో సర్దుతుందో చదివి తీరాలి. అమెరికాలో ఉండి ఇక్కడి ఫండ్లలో మదుపు చేసే మనవాళ్లకు మాత్రం ఈ లెక్క ఒక్కటే సరిపోదు. అక్కడి ఆదాయపు పన్ను శాఖ వీటిని పీఎఫ్‌ఐసీగా, అంటే వ్యాపారం కాక పెట్టుబడులే ఆధారమైన విదేశీ సంస్థగా, పరిగణించి 8621 ఫారం అడుగుతుంది. వారు ఏ జాబితాలో మొదటి ఫండ్‌నైనా కొనేముందు అక్కడి పన్ను నిపుణుడిని కలవాలి.