జంక్‌యార్డు చుట్టూ నిలబడ్డ ఎనిమిది అడుగుల కంచె గారికి

అయ్యా కంచె గారూ,

తుక్కు కార్ల యార్డు చుట్టూ ఎండకి ఎండి వానకి తడిసి ఊరి పరువు కాపాడుతున్న మీకు ముందుగా ఒక నమస్కారం. మీరు లేకపోతే ఈ జంక్‌యార్డు రూల్సు రాసేవాళ్ళకి చేతినిండా పనే ఉండేది కాదు. మీ ఎత్తెంత, రంగేమిటి, రేకుల సందుల్లోంచి లోపలి సరుకు కనబడుతోందా, రోడ్డుకి ఎంత ఎడం వదిలారు, పనివేళలు దాటాక గేటు మూసే ఉంటోందా, అన్నీ మీ ముచ్చట్లే. లోపల కుళ్ళుతున్న బళ్ళ గురించి చివర్లో ఎక్కడో రెండు లైన్లు ఉంటే గొప్ప.

మీ పలుకుబడి చిన్నదేం కాదు లెండి. 1965లో అమెరికావాళ్ళు హైవేలు అందంగా కనబడాలని ఏకంగా ఒక చట్టం చేశారు, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గారి భార్య లేడీ బర్డ్ పట్టుబట్టి మరీ. ముఖ్యమైన హైవేలకి 1000 అడుగుల లోపు జంక్‌యార్డు ఉంటే కంచెతోనో చెట్లతోనో కనబడకుండా దాచాలి, కుదరకపోతే అక్కడి నుంచి ఎత్తేయాలి. పరిశ్రమల ప్రాంతాలకి మాత్రం మినహాయింపు, అక్కడ ఎలాగూ చూడ్డానికి ఏమీ లేదు కదా అనుకున్నట్టున్నారు. న్యూయార్క్ రాష్ట్ర చట్టమైతే మీ ఎత్తు కనీసం 8 అడుగులుండాలని రాసిపెట్టేసింది. ఆ చట్టం లెక్కలో రోడ్డెక్కే యోగ్యత లేని పాత బళ్ళు రెండు పడి ఉంటే చాలు, అది జంక్‌యార్డే. అదే దేశంలో మెయిన్ (Maine) అనే ఇంకో రాష్ట్రంలో కార్ల శ్మశానం అనిపించుకోవాలంటే మూడు కావాలి. అంటే అవే రెండు డొక్కు కార్లతో ఒకచోట తుక్కు వ్యాపారి అనిపించుకున్నవాడు ఇంకోచోట కాస్త బద్ధకమున్న గృహస్థు, అంతే.

మీ తమ్ముడు టార్పాలిన్ కూడా తక్కువవాడేం కాదు. ఇంటి ముందు కదలని కారు ఉంటే నోటీసు, దాని మీద టార్పాలిన్ కప్పితే కొన్నిచోట్ల నోటీసు వెనక్కి. కారు కదలకపోవడం నేరం కాదన్నమాట, కదలకుండా కనబడటం నేరం.

సరే, ఒకసారి మీ వెనక్కి తిరిగి చూడండి. మీరు పుట్టిన దగ్గర్నుంచీ రోడ్డు వైపే మొహం పెట్టి నిలబడ్డారు కాబట్టి ఇది కొత్తగానే ఉంటుంది. ఆ మూల ముక్కు చితికిపోయిన కారు ఉందే, దాని ఇంజిన్ కింద మట్టి పళ్ళెమంత మేర నల్లగా గట్టిపడిపోయింది. నిన్నటి వాన నీళ్ళు ఆ నలుపు మీద నిలిచి ఏడు రంగుల్లో మెరుస్తున్నాయి. రేడియేటర్ పగిలి కారిన కూలెంట్ పక్కనే మడుగు కట్టింది. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, దాంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ వాటి కిడ్నీల్ని తినేస్తుంది. బ్యాటరీ పొట్ట ఉబ్బి పగిలింది, లోపల ఉన్నది సీసం, యాసిడ్. ఇవన్నీ మీ 8 అడుగుల ఎత్తుకి దణ్ణం పెట్టి, మీ పునాది కిందనుంచి పక్కవాళ్ళ బావి వైపు హాయిగా వెళ్ళిపోతాయి. పైన పటారం లోన లొటారం అని ఊరికే అన్నారా!

ఇక టైర్ల గుట్ట. ఒక్కో టైరు లోపల గుక్కెడు నీళ్ళు, ఆ నీళ్ళలో దోమ పిల్లలు. డెంగ్యూ మోసే ఏడిస్ దోమ గుడ్లు నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగిలితే లేస్తాయి. 1985లో హ్యూస్టన్ దగ్గర ఆసియా టైగర్ దోమ కాపురం పెట్టిందని కనిపెట్టారు. ఆసియా నుంచి దిగుమతైన పాత టైర్లే దాని వాహనం. సముద్రం దాటొచ్చిన దోమ మిమ్మల్ని చూసి ఆగుతుందంటారా?

నాకు తుక్కు వ్యాపారం మీద కోపం లేదు, ఆ మాట చెప్పాలి. కొత్త పార్టు కొనలేనివాడికి పాత కారు డోరు, సెల్ఫ్ మోటారు దొరికేది అక్కడే. ఇనుము మళ్ళీ కొలిమికి చేరేదీ అక్కడినుంచే. ఆ పని శుభ్రంగా ఎలా చెయ్యాలో తెలియక కాదు. బండి రాగానే ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ దించేసి, బ్యాటరీ తీసేసి, నేలలోకి ఇంకని గచ్చు మీద పెట్టాలి. యూరప్‌వాళ్ళు 2000లోనే ఈ సంగతి రాసుకున్నారు, బండి బరువులో 95 శాతం 2015 నుంచి మళ్ళీ ఏదో రకంగా వాడుకలోకి రావాలని కూడా పెట్టుకున్నారు. మన దేశంలో 2021లో వచ్చిన తుక్కు వాహనాల రూల్సు కూడా రిజిస్టర్ చేసుకున్న కేంద్రాలు ముందు ఈ విషాలు తీశాకే బండి విప్పాలంటాయి. కానీ గచ్చు రోడ్డు మీంచి కనబడదు. అదే దాని దురదృష్టం. మిమ్మల్నైతే ఇన్‌స్పెక్టర్ గారు జీపు దిగకుండానే తనిఖీ చేసి, లైసెన్సు రెన్యువల్ మీద సంతకం పెట్టి, భోజనం వేళకి ఇంటికి చేరిపోవచ్చు. గచ్చు చూడాలంటే వంగాలి, బూట్లకి నూనె అంటుతుంది.

రూల్సు రాసే సర్కారు సొంత ఆవరణలో జప్తు చేసిన బళ్ళు ఏళ్ళ తరబడి తుప్పు పడుతుంటాయి కదా, అక్కడ మీరు పెద్దగా కనబడరెందుకు? అక్కడ డ్యూటీ వేస్తే రానన్నారా, లేక ఎవరూ పిలవలేదా?

చివరగా ఒక సందేహం, వీలుంటే జవాబు రాయండి. మీరూ రేకే కాబట్టి ఒకనాటికి తుప్పు పట్టి పడిపోతారు. అప్పుడు మిమ్మల్ని పడేసే యార్డుకి ఎన్ని అడుగుల కంచె కట్టాలంటారు?

ఇట్లు,
మీకు రోడ్డు వైపు కాకుండా రెండో వైపు ఇల్లున్న ఒకడు