పాత తేదీ వేసి రసీదు ఇవ్వమన్నాడు

సాయంత్రం నాలుగున్నరకి మా ఆఫీసాయన ఒకడు నా సీటు దగ్గరికొచ్చాడు. చేతిలో ఎంక్వైరీకి రమ్మన్న మెమో, నాలుగు మడతలు పెట్టి. గొంతు బాగా తగ్గించి అడిగాడు: "మేడమ్, యూనియన్ సభ్యత్వం రసీదు ఒకటి రాసివ్వరా? తేదీ మాత్రం పోయిన నెలది వేయండి."

పోయిన నెలది!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా ఆఫీసులో రసీదు పుస్తకం నా దగ్గరుంటుంది. గొప్ప పదవేం కాదు, ఎవరూ తీసుకోకపోతే నా నెత్తిన పడింది. సమస్య రాకముందు నుంచీ సభ్యులైనవాళ్లకే ఎంక్వైరీలో యూనియన్ మనిషి తోడు వెళ్లాలని మా నియమం. బండి గుద్దేశాక ఇన్సూరెన్స్ కడతానంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్ల గురించి విన్నాం. ఈయన బావి పోయిన నెలలోనే తవ్వానని కాగితం రాసిమ్మంటున్నాడు.

నాలుగేళ్లుగా చందా కట్టమని అడుగుతున్నాను ఈ మనిషిని. నాలుగేళ్లుగా ఒకటే జవాబు: "కడితే నాకేంటి లాభం మేడమ్?" ఒకసారైతే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి నా ముందే లెక్కేశాడు. నెలకి ఇంత, ఏడాదికి ఇంత, రిటైరయ్యేదాకా ఇంత, అదే బ్యాంకులో వేస్తే వడ్డీతో కలిపి ఇంత. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు, ఆ డబ్బంతా నేనే దాచుకున్నట్టు. జీతంలో ఒక్క శాతం కూడా లేని చందాకి చక్రవడ్డీ లెక్క కట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. నా వెనక సీటే.

పోయిన వేతన ఒప్పందం అయ్యాక ఎరియర్స్ ఎప్పుడు పడతాయని రోజుకి రెండుసార్లు ఎవర్ని అడిగాడనుకున్నారు? నన్నే. పడ్డాక ఊరుకున్నాడా, "మనవాళ్లు ఇంకొంచెం గట్టిగా పట్టుబట్టాల్సింది మేడమ్" అని సలహా. మనవాళ్లట! చందా అడిగితే "మీ యూనియన్", డబ్బులు పడితే "మనవాళ్లు".

ఆ ఒప్పందం కోసం చేసిన సమ్మెలో నాకు పదకొండు రోజుల జీతం పోయింది. ఆ పదకొండు రోజులూ ఈయన బ్యాగు గుండెలకి అదుముకుని వెనక గేటులోంచి లోపలికి వెళ్లాడు. నేను చూశాను, నేను చూశానని అతనికీ తెలుసు. పెరిగిన జీతం మాత్రం ఇద్దరికీ ఒకే శాతం, ఒకే తేదీ నుంచి. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరని సామెత. మా దగ్గర ఎక్కి కూర్చున్నవాళ్లు కుదుపులెక్కువగా ఉన్నాయని కూడా అంటారు.

ఈ రోగం మా ఒక్క ఆఫీసుదే కాదులెండి. కెనడాలో 1945లో ఫోర్డ్ కార్ల కార్మికులు 99 రోజులు సమ్మె చేశారు. గొడవ తేల్చడానికొచ్చిన జడ్జి ఐవన్ రాండ్ 1946లో ఒక మధ్యే మార్గం చెప్పాడు. సభ్యులు కమ్మని ఎవర్నీ బలవంతపెట్టొద్దు, కానీ ఒప్పందం లాభం అందరికీ అందుతుంది కాబట్టి చందా అందరి జీతంలోంచీ కోయండి అని. ఎంత హాయి! ఆ దేశంలో నాలాగా రసీదు పుస్తకం పట్టుకుని సీటు సీటుకీ తిరిగే ఖర్మ తప్పి ఉంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 2018లో దీనికి సరిగ్గా ఎదురు చెప్పింది. ప్రభుత్వోద్యోగుల్లో ఇష్టం లేనివాళ్ల దగ్గర ఏమీ వసూలు చేయకూడదంది. వాళ్ల తరఫున బేరమాడే బాధ్యత మాత్రం యూనియన్ మీదే ఉంది. మా వెనక సీటాయన ఆ తీర్పు చదివితే ఫ్రేము కట్టించుకుంటాడు.

స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ లాంటి చోట్ల నిరుద్యోగ భృతి నిధులు యూనియన్లతో ముడిపడి పెరిగాయి. అక్కడ లాభమేంటని అడిగితే ఇదిగో అని చూపించొచ్చు. నేనేం చూపించాలి? రాకుండా ఆగిపోయిన మెమోలు చూపించాలా? జరగని బదిలీలు చూపించాలా? ఐదున్నర కొట్టగానే సిస్టమ్ ఆపేసి లేస్తాడే, ఆ ఎనిమిది గంటల పని కోసం 1886లో షికాగోలో జనం రోడ్డెక్కారు. ఆ గొడవల్లో మరుసటి ఏడాది నలుగురిని ఉరితీశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందంలో ఎనిమిది గంటలని రాయడానికి 1919 దాకా పట్టింది. నడుమ ముప్పై ఏళ్లకి పైనే. అప్పుడే ఎవరైనా కాలిక్యులేటర్ తీసి "నాకేంటి లాభం" అని ఉంటే ఈయన ఇవాళ రాత్రి తొమ్మిదికి కూడా ఆ కుర్చీలోనే ఉండేవాడు.

నిజంగా చందా ధర తెలుసుకోవాలంటే రానా ప్లాజా సంగతి చదవండి. బంగ్లాదేశ్, ఢాకా పక్కన సావర్. 2013 ఏప్రిల్ 23న ఆ బిల్డింగ్ గోడల్లో పగుళ్లు వచ్చాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది, దుకాణాలు మూసేశారు. మర్నాడు పొద్దున పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లు మాత్రం గుమ్మం ముందు నిలబడి లోపలికి రామన్నారు. రాకపోతే జీతం కోస్తామన్నారు ఫ్యాక్టరీల వాళ్లు. వెళ్లారు. తొమ్మిదయ్యేలోపే బిల్డింగ్ కూలింది, 1,134 మంది పోయారు. అక్కడున్న ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలోనూ యూనియన్ లేదు. పగులు అందరికీ కనిపించింది. "మేం ఎక్కం, ఏం చేస్తారో చేసుకోండి" అని అందరి తరఫునా ఒక్క గొంతుతో అనగలిగే మనిషి లేడు, అంతే తేడా. తర్వాత ఆ ఏడాదే పెద్ద బ్రాండ్లు అంతర్జాతీయ యూనియన్లతో భద్రత ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ప్రమాదం అనిపిస్తే లోపలికి వెళ్లనని చెప్పే హక్కు అందులో రాశారు. ఎప్పుడు రాశారో చూశారు కదా. శవాలు తీశాక.

దీన్ని కూడా వడ్డీతో కలిపి లెక్కెయ్యమనండి వెనక సీటాయన్ని.

సరే, అసలు మంట ఇది కూడా కాదు. పాత తేదీ వేయనన్నాక ఆయన వరండాలోకి వెళ్లి ఫోన్ చేసుకున్నాడు. పది నిమిషాల్లో మా సెక్రటరీ గారి నుంచి నాకు కాల్. "పాపం కష్టంలో ఉన్నాడు మేడమ్. ఆ తేదీ ఏదో వేసి ఇచ్చేయండి, మనకీ ఒక సభ్యుడు పెరుగుతాడు."

పది నిమిషాలు! ఇదే సెక్రటరీ గారిని రెండో అంతస్తు లేడీస్ టాయిలెట్ తలుపుకి గడియ గురించి ఎన్నేళ్లుగా అడుగుతున్నానో తెలుసా? మూడేళ్లు. ఒకరు లోపలికి వెళ్తే ఒకరు బయట కాపలా. ఎవరూ తోడు లేకపోతే లోపలినుంచి ఒక చేత్తో తలుపు లాగిపట్టుకోవాలి. ఆ హ్యాండిల్ కూడా సగం ఊడింది, ఒక స్క్రూ మీద వేలాడుతోంది. మనమే కొని బిగించుకోవచ్చు కదా అంటారా? బిగించాం. అనుమతి లేకుండా తలుపుకి రంధ్రాలు పెట్టారని ఆఫీసు వాళ్లు పీకేసి, పైగా నోటు పంపారు.

కోరికల పత్రంలో పెట్టమని రాసిచ్చాను. పెట్టారు. ఇరవై ఏడు కోరికల్లో ఇరవై ఏడోది, "ఇతర వసతులు" కింద. చర్చలు ఎప్పుడూ ఏడు దాటవు. అడిగితే "ముందు పెద్ద సమస్యలు తేలనివ్వండి మేడమ్" అంటారు. కమిటీలో పదకొండు మందీ మగవాళ్లే. వాళ్ల అంతస్తులో తలుపులన్నిటికీ గడియలున్నాయి, నేను వెళ్లి చూడలేదు కానీ ఉంటాయి.

1888లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు సమ్మె చేశారు. వాళ్లు గెలిచినవాటిలో అన్నం తినడానికి వేరే గది కూడా ఉంది. పనిచేసే చోటే తింటే తెల్ల భాస్వరం కడుపులోకి పోయేది. దాని దెబ్బకి దవడ ఎముక కుళ్లిపోయేది. గది చిన్న సమస్య అని వాళ్లకి నచ్చజెప్పడానికి సెక్రటరీ ఎవరూ లేరు, ఎందుకంటే అప్పటికి వాళ్లకి యూనియనే లేదు. సమ్మె గెలిచాక పెట్టుకున్నారు.

ఇన్ని తిడుతూ నువ్వెందుకు కడుతున్నావని కామెంట్ పెట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు. కడుతున్నాను కాబట్టి మీటింగులో నేను చేయి ఎత్తితే లెక్కలోకి వస్తుంది. ఇప్పటిదాకా ఒక్క చేయే లేస్తోంది, అది వేరే సంగతి. గడియ లేక కాపలా కాసేవాళ్లంతా వచ్చి సభ్యత్వం తీసుకుంటే ఇరవై ఏడోది రెండోది అవుతుందని వాళ్లకీ చెప్తున్నాను. వాళ్లేమంటారో చెప్పమంటారా? "కడితే లాభమేంటి మేడమ్, గడియే పెట్టించలేకపోయారు."

రసీదు రాశాను. ఇవాళ్టి తేదీయే వేశాను, కార్బన్ కింద రెండో కాపీ మీద కూడా స్పష్టంగా పడేలా నొక్కి రాశాను. సెక్రటరీ గారికి ఫోన్ చేసి అదే చెప్పాను. ఆయనేం పెద్దగా బాధపడలేదు. "సరే లెండి, తేదీ ఏదైతేనేం, వచ్చే వారం ఎంక్వైరీకి అతనితో మీరే వెళ్లండి. ఫైలు అదీ మీకు బాగా తెలుసు కదా" అన్నారు.

అంటే వెనక గేటు మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోబోయేది నేను. ఫైలు చూశాను కూడా. మెమోలో పస లేదు, తప్పు సూపర్‌వైజర్‌ది. అదే ఇంకా ఒళ్లు మండిస్తోంది.

ఐదున్నరకి బ్యాగు సర్దుకుని వెళ్తూ ఆయన మళ్లీ నా సీటు దగ్గర ఆగాడు. థ్యాంక్స్ చెప్తాడేమో అనుకున్నాను.

"మేడమ్, ఎంక్వైరీ అయిపోయాక సభ్యత్వం మానేస్తే, మిగతా నెలలది వెనక్కిస్తారా?"